ఎడమకాలు గాలిలో

గోగులమిట్ట నుంచి జిల్లా కేంద్రానికి వేసిన కొత్త రోడ్డును ప్రారంభించడానికి మంత్రి పానకాలరావుగారు హెలికాప్టర్లో వచ్చారు. రోడ్డు ప్రారంభించడానికి రోడ్డు మీదే రావచ్చు గదా అని లోకజ్ఞానం లేనివాళ్లు అడుగుతారు. వీల్లేదు. ప్రారంభం కాని రోడ్డు మీద మంత్రిగారు ప్రయాణం చేస్తే అది ప్రారంభమైపోయినట్టే లెక్క. ఆ తర్వాత రిబ్బను కత్తిరించినా అది ఉత్తి గుడ్డముక్కను కత్తిరించడమే అవుతుంది. ఈ ధర్మసూక్ష్మాన్ని కనిపెట్టినవారు మార్గనిర్మాణ శాఖవారు.

హెలికాప్టర్ నడిపింది కెప్టెన్ దాక్షాయణి. రాజమండ్రి మనిషి. చిన్న హెలికాప్టర్లు అద్దెకిచ్చే కంపెనీలో ఉద్యోగం. ఊరేగింపు పెళ్లికొడుకుల్నీ, తిరునాళ్లలో పైనుంచి చల్లే పూలబుట్టల్నీ, ఎన్నికల రోజుల్లో నాయకుల్నీ మోసి మోసి, ఏ బరువు ఎప్పుడు ఎటు ఒరుగుతుందో ఒంటికి పట్టించుకున్న మనిషి. ఆమె తెచ్చింది తూనీగ లాంటి తేలిక యంత్రం. పైలట్ కుడివైపు కూర్చుంటే ప్రయాణికుడు ఎడమవైపు కూర్చోవాలి. దానికి చక్రాలుండవు. పొట్ట కింద రెండు పొడుగాటి లోహపు గొట్టాలుంటాయి, వాటి మీదే నిలబడుతుంది. పైలట్లు వాటిని స్కిడ్లంటారు. గోగులమిట్టవాళ్లు చూడగానే కాళ్లన్నారు. ఆ తర్వాత ప్రభుత్వ కాగితాల్లో కూడా అదే స్థిరపడింది.

ఊరి బయట దిగడానికి హెలిప్యాడ్ సిద్ధంగా ఉంది. దాని మీద పెళ్లిపందిళ్లలో పరిచే పల్చటి ఆకుపచ్చ తివాచీ పరిచారు. దాక్షాయణి మెల్లగా దించింది. ఎడమకాలు ఠక్కున నేలకు తగిలింది. కుడికాలు మాత్రం పెరుగన్నంలో వేలు పెట్టినట్టు దిగింది. ఆమెకు అది నచ్చలేదు.

మంత్రిగారిని డప్పులూ దండలూ ఎత్తుకుపోయాక ఆమె వంగి తివాచీ అంచు పట్టుకుంది. వెనకనుంచి ఒక చెప్పుకాలు వచ్చి ఆ అంచు మీద నిలబడింది. ఆ కాలు మార్గనిర్మాణ శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు త్రినాథరావుగారిది.

"తివాచీ ప్రోటోకాల్ విభాగం ఆస్తి మేడమ్. మంత్రిగారు స్థలంలో ఉన్నంతసేపు దాన్ని తొలగించుటకు వీలులేదు" అన్నాడాయన.

"తొలగించనండీ. కింద ఏముందో చూస్తాను, అంతే."

"కింద హెలిప్యాడ్ ఉంది మేడమ్."

"ఎప్పుడు వేశారండీ?"

త్రినాథరావు వేలితో తివాచీని రెండుగా చూపించాడు. "ఎడమ సగం పాత మంత్రిగారి కాలంలో వేశాం. కుడి సగం ప్రస్తుత ప్రభుత్వ హయాంలో" అన్నాడు.

అది అబద్ధం కాదు. ప్రస్తుత ప్రభుత్వ హయాంలో ఆ రోజు తెల్లవారుజామున వేశారు. వేసింది మంత్రిగారి బావమరిది కోటిలింగం. కంట్రాక్టు వచ్చి చాలా కాలమైనా, ఏ పనైనా వేడివేడిగా అందించాలన్నది ఆయన వ్యాపార సిద్ధాంతం.

సభ మొదలైంది. పానకాలరావుగారి వక్తృత్వం గురించి ఆ జిల్లాలో తెలియనివారు లేరు. ఆయన రోడ్డు గురించి మొదలుపెట్టి చక్రం కనిపెట్టిన మానవుడి దగ్గరకు వెళ్లారు, అక్కణ్నుంచి తన బాల్యానికి వచ్చారు. బాల్యం చాలాసేపు పట్టింది. ఎండ నడినెత్తికెక్కింది. జనం ఒక్కొక్కరే లేచి మజ్జిగ కోసం వెళ్లారు, వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. సభలో చివరిదాకా కదలకుండా ఉన్నది హెలిప్యాడ్ ఒక్కటే. ఎండ మంచిది, గాలి మంచిది, తొందరగా గట్టిపడే మందు కూడా ధారాళంగా కలిపారు. ఇక కాంక్రీటుకు గట్టిపడటం తప్ప వేరే పనేముంది?

మంత్రిగారు తిరిగి వచ్చేసరికి దాక్షాయణి బూటుకొనతో కుడికాలిని తట్టి చూస్తోంది. దిగేటప్పుడు మెత్తగా ఉన్నది ఇప్పుడు రాయిలా ఉంది. తివాచీ పోగుల సందుల్లోంచి తెల్లటి పాలలాంటిదేదో ఊరి, గొట్టం చుట్టూ పేరుకుంది.

"సార్, ఒక్క నిమిషం. ఇది చూసుకోకుండా లేపలేను" అంది.

"వర్జ్యం వస్తందమ్మాయ్" అన్నారు మంత్రిగారు ఎక్కుతూ. "లేపేటప్పుడు అదే వస్తదిలే."

"వచ్చేస్తుంది మేడమ్, వచ్చేస్తుంది" అన్నాడు త్రినాథరావు తివాచీ మీద నుంచి. ఆయన వెనక జిల్లా యంత్రాంగమంతా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె కంపెనీ యజమానికి అప్పటికే రాజధాని నుంచి ఫోన్లు వెళ్తున్నాయి, మీ పైలట్ మంత్రిగారిని ఎండలో నిలబెట్టిందని.

దాక్షాయణి కూర్చుంది. ఇంజను వేడెక్కింది. లీవరు వెంట్రుకవాసి చొప్పున పైకి తీసింది. ఎడమకాలు లేచింది. కుడికాలు లేవలేదు. మరుక్షణం ఆమె దింపేయబోయింది. అప్పటికే ఎడమవైపు పైకి తేలి, హెలికాప్టర్ మొత్తం కుడికాలి చుట్టూ తిరిగి, పడుకోబోయే గేదెలా పక్కకు ఒరిగింది. పైనున్న రెక్కలు నేలను కొట్టి ముక్కలయ్యాయి. తివాచీలో ఒక చీలిక ఎగిరి వెళ్లి స్వాగత ద్వారం మీద పడింది.

దైవకృప వల్ల మంత్రిగారికి ఏమీ కాలేదు. ఆ దైవకృప పేరు దాక్షాయణి. ఎడమవైపున్న మంత్రిగారు సరిగ్గా ఆమె మీద పడ్డారు. ఆమె కుడి మణికట్టు విరిగింది.

*

మర్నాడు ఆసుపత్రిలో ఆమె చేతికి కట్టు ఇంకా తడి ఆరకముందే రెండు శాఖలు వచ్చి మంచానికి రెండువైపులా నిలబడ్డాయి.

ఎడమవైపు నిలబడ్డది గగనయాన పర్యవేక్షణ విభాగం నుంచి నరసింహాచారిగారు. రాజధాని మనిషి, పల్చటి గొంతు. కుడివైపు వాహన నియంత్రణ శాఖ తనిఖీ అధికారి మస్తాన్ వలి. లారీలను ఆపి ఆపి చెయ్యి ఎప్పుడూ కాస్త పైకెత్తే ఉంటుంది.

"ఇది విమాన ప్రమాదం. మా పరిధి" అన్నారు నరసింహాచారి.

"ఎగిరితే గదండీ విమానం? నేల మీద పడిపోయిన బండి మాది" అన్నాడు మస్తాన్ వలి. "ఏందమ్మా, ఎగిరిందా లేదా?"

"ఎడమకాలు ఎగిరిందండీ. కుడికాలు ఎగరలేదు" అంది దాక్షాయణి. జరిగిందే చెప్పింది. ఆ ఒక్క మాట తన కొంప ముంచుతుందని ఆ పిల్లకు తెలియదు.

ఇద్దరు అధికారులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విషయం జాయింట్ కలెక్టర్ గారి దగ్గరకు వెళ్లింది. ఆయన ఏ శాఖనూ నొప్పించని అధికారి. ఇద్దరి వాదనలోనూ బలముందని గ్రహించి ఇలా ఉత్తర్వు జారీ చేశారు: "ప్రమాద సమయమున సదరు హెలికాప్టరు యొక్క వామపాదము ఆకాశమునందును, దక్షిణపాదము భూమియందును ఉన్నందున, వామభాగమును గగనయాన విభాగమువారును, దక్షిణభాగమును వాహన నియంత్రణ శాఖవారును వేర్వేరుగా విచారించవలసినది. ఒకరి భాగమున మరొకరు జోక్యము చేసుకొనరాదు."

ఆ సాయంత్రమే శకలాల మధ్యగా ముక్కు నుంచి తోక దాకా తెల్లతాడు కట్టారు. ఎడమవైపు ఒక కానిస్టేబుల్, కుడివైపు ఒక కానిస్టేబుల్. సరిహద్దు అవతల పడ్డ బోల్టును ఇవతలి అధికారి ముట్టుకోవాలంటే జాయింట్ కలెక్టర్ గారి అనుమతి కావాలి.

పైలట్ కూర్చున్నది కుడివైపు. అంటే ఆమె భూమి మీద ఉంది.

"లైసెన్సుందా అమ్మా?" అని అడిగాడు మస్తాన్ వలి విచారణ మొదటి రోజున.

ఆమె ఎడమచేత్తో పైలట్ లైసెన్సు తీసిచ్చింది. ఆయన తిప్పి చూసి మర్యాదగా వెనక్కిచ్చాడు.

"ఇది ఆకాశంలో చెల్లేది. నేల మీద బండి నడపటానికి ఏముంది?"

"స్కూటర్ ది ఉండేదండీ. గడువు దాటిపోయింది."

"లైసెన్సు లేకుండా నడిపినట్టు" అని రాసుకున్నాడు. "నంబరు ప్లేటు ముందు వైపు లేదు. సైడు అద్దాలు లేవు. బయల్దేరేటప్పుడు హారన్ కొట్టావా?"

"హెలికాప్టర్ కి హారన్ ఉండదండీ."

"హారన్ లేదు" అని ఇంకో వాక్యం రాసుకున్నాడు. తర్వాత కాస్త జాలిగా చూశాడు. "నేను కావాలని చేస్తన్నాననుకోబాకమ్మా. నా పుస్తకంలో ఏవుంటే అదే అడగాల గదా. నా పుస్తకంలో రెక్కల్లేవు."

"కుడికాలు ఎందుకు లేవలేదో అడగండి సార్. అది ఉందా మీ పుస్తకంలో?"

మస్తాన్ వలి కలం ఆపాడు. కిటికీలోంచి బయటకు చూశాడు. "బండి ఎందుకు కదల్లేదనేది మాకు రాదమ్మా. కదిలి ఎవరికన్నా తగిలితేనే మాకు కేసు" అన్నాడు.

ఆ రిపోర్టు వెళ్లిన వెంటనే, నేల మీద నేరం సంగతి తేలేదాకా ఆకాశంలో ఎగరరాదని ఆమె పైలట్ లైసెన్సును నిలిపేశారు. ఆ కాగితం అందుకున్న రోజు దాక్షాయణి అన్నం తినలేదు. పదిహేనో ఏట గోదావరి గట్టు మీద నిలబడి వరద సాయానికొచ్చిన హెలికాప్టర్ను చూసిన దగ్గర్నుంచి ఆమెకు వేరే కోరిక లేదు. ఇప్పుడు హారన్ కొట్టనందుకు ఆ కోరికను సీలు వేసి అల్మరాలో పెట్టేశారు.

*

ఎడమవైపు విచారణ ఇంకా నిష్ఠగా సాగింది. నరసింహాచారిగారు నియమం తప్పని మనిషి. ఎడమ సగం ఆకాశంలో ఉంది. ఆకాశంలో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక పైలట్ ఉండాలి. కెప్టెన్ దాక్షాయణి కుడి సగానికి చెందినందువల్ల ఆమెను పరిగణించడానికి వీల్లేదు. ఎడమ సగంలో ఉన్న మనిషి ఒక్కరే. కాబట్టి ఆ భాగానికి పైలట్ ఆయనే అయి ఉండాలి. నరసింహాచారిగారు తడుముకోకుండా మంత్రిగారికి నోటీసు పంపారు: "ప్రమాద సమయమున ఎడమ సగమును తామే నడుపుచుండిరి గనుక, తమ పైలట్ లైసెన్సు, వైద్య ధ్రువపత్రము, ఎగిరిన గంటల వివరములు వారము దినములలో సమర్పించవలసినది."

నోటీసు చదివి పానకాలరావుగారు రెండు గ్లాసుల మంచినీళ్లు తాగారట. "నేను నడిపానా? నేను సైకిలు కూడా తొక్కలేదే!" అన్నారట. ఆ మాటను నరసింహాచారిగారు అనుభవలేమిని ఒప్పుకున్నట్టుగా నమోదు చేసుకున్నారు.

ఆ మర్నాడే త్రినాథరావు బత్తాయిల సంచితో దాక్షాయణి గదికి వచ్చాడు.

"చిన్న సంతకం మేడమ్. 'రెండు సగాలూ నేనే నడిపాను, అజాగ్రత్తగా నడిపాను' అని రాయండి. చిన్న జరిమానాతో పోతుంది. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"నాకు ఉంటుంది గదండీ. అజాగ్రత్త అని ఒక్కసారి రాసిస్తే నన్నింక ఎవరు ఎగరనిస్తారు?"

"ఎగరడమే జీవితమా మేడమ్?" అన్నాడు త్రినాథరావు తాత్వికంగా, బత్తాయి ఒలుస్తూ.

"కాంక్రీటు పచ్చిగా ఉండగా తివాచీ కప్పారు మీరు. నేను దిగాక అది గట్టిపడింది. చూస్తానంటే చూడనివ్వలేదు. ఆయ్, అదే రాయమంటే రాస్తాను. ఎడమచేత్తోనైనా రాస్తాను."

త్రినాథరావు చేతిలో బత్తాయి ఆగింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మేడమ్, కాంక్రీటు అనే పదార్థం విచారణ పరిధిలో లేదు. పైన విచారణ ఆకాశం గురించి, కింద విచారణ వాహనం గురించి. మధ్యలో ఉన్నదాన్ని ఎవరికీ అప్పగించలేదు."

"అయితే పరీక్ష పెట్టండి. మళ్లీ అలాగే కాంక్రీటు వెయ్యండి, అలాగే ఎండలో ఉంచండి. నా తప్పే అయితే ఒప్పుకుంటాను."

ఆమె ఇది కోపంతో అన్నది. కానీ జాయింట్ కలెక్టర్ గారికి ఈ మాట చేరగానే ఆయన ముఖం విప్పారింది. పరీక్ష అంటే నిర్ణయం వాయిదా. పరీక్షకు అధికారులతో ఒక కమిటీ వేశారు. ఉత్తర్వు సాయంత్రానికే తయారైంది. ప్రమాద పరిస్థితులను యథాతథంగా పునఃసృష్టించవలెను. అదే స్థలం, అదే కంట్రాక్టరు, అదే రకం తివాచీ, అదే మంత్రివర్యుల అదే ప్రసంగం. సంజాయిషీ ఇచ్చుకొను వ్యక్తికి సాక్షులను ప్రశ్నించు హక్కు కలదు.

ఒక్కటే చిక్కు. హెలికాప్టర్ లేదు. ఉన్నది ముక్కలై, తాడుకు అటూ ఇటూ ఉంది. ఇంకొకటి అద్దెకిమ్మంటే ఏ కంపెనీ ఫోనెత్తలేదు. లెక్కలు వేసి చూస్తే, జాయింట్ కలెక్టర్ గారూ, నరసింహాచారిగారూ, త్రినాథరావూ, మస్తాన్ వలీ, వారి సహాయక సిబ్బందీ కలిసి ఒక తేలిక హెలికాప్టరంత బరువు తూగుతారని తేలింది. అందువల్ల కమిటీయే హెలికాప్టరుగా వ్యవహరించాలని కమిటీ తీర్మానించింది.

*

పరీక్ష రోజున కోటిలింగం తెల్లవారకముందే పాత కుడి సగాన్ని పగలగొట్టించి కొత్తది పోయించాడు. మరమ్మతు బిల్లు వేరుగా పెట్టాడు. ఆకుపచ్చ తివాచీ పరిచారు. కమిటీ సభ్యులు బూట్లతో వరుసగా దాని కుడి సగం మీద నిలబడ్డారు. ఎవరి కాళ్లూ శబ్దం చెయ్యలేదు. దాక్షాయణిని తివాచీ మీద నిలబడనివ్వలేదు, ముద్దాయి ప్రోటోకాల్ జాబితాలో లేదు గనక. ఆమె కట్టుచేయి మెడకు వేలాడేసుకుని మట్టి మీద నిలబడింది.

ఎదురుగా వేదిక మీద పానకాలరావుగారు మైకు ముందుకు వచ్చారు. ఆయనకు చెప్పిందే చెప్పడం ఇష్టం ఉండదు. అందుకని పాత ప్రసంగం మొత్తం చెప్పి, దానికి ఉత్తరభాగం కూడా చేర్చారు. బాల్యం ముగిసి యౌవనం కూడా వచ్చింది. కమిటీ కదలలేదు. సూర్యుడు పడమటికి వాలాడు. మొదట్లో సభ్యులు కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డారు, తర్వాత మార్చుకోవడం మానేశారు.

ప్రసంగం అయిపోయింది. చప్పట్లు మోగాయి. వేదికెక్కి దండ వెయ్యాల్సిన అధికారులు ఎక్కడివాళ్లక్కడే నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మంత్రిగారు దండ కోసం మెడ వంచి కాసేపు చూశారు.

దాక్షాయణి ముందుకొచ్చి, కాగితం కట్టుచేతి మీద ఆన్చుకుని, ఎడమచేత్తో కలం తీసింది.

"సాక్షుల్ని ప్రశ్నించే హక్కు ఉందన్నారు గదండీ. త్రినాథరావుగారూ, సభ అయిపోయింది. మీరెందుకు కదలట్లేదు?"

"కదలవలసిన అవసరం ప్రస్తుతం ఉత్పన్నం కాలేదు మేడమ్."

"నరసింహాచారిగారూ, మీరు?"

"నేను విధి నిర్వహణలో స్థిరంగా ఉన్నాను" అన్నారాయన.

"జాయింట్ కలెక్టర్ గారూ?"

"సభామర్యాద. మంత్రివర్యులు వేదిక దిగకముందు మేము కదలడం భావ్యం కాదు."

మంత్రిగారు వేదిక దిగారు. ఎవరూ కదల్లేదు. ఇరుక్కున్నామని ఒక్కరు ఒప్పుకున్నా కుడికాలు ఎందుకు లేవలేదో తేలిపోతుంది. తేలిపోతే కాంక్రీటు బయటికొస్తుంది. కాంక్రీటు వెనకాల బావమరిది, బావమరిది వెనకాల బావ. అందుకని జిల్లా యంత్రాంగం రొమ్ము విరుచుకుని నిలబడింది. ఆకాశంలో మబ్బు పట్టింది. చినుకులు మొదలయ్యాయి. ఎవరూ గొడుగు అడగలేదు.

దాక్షాయణి తడుస్తూనే వరుస చివరికి వెళ్లింది. "మస్తాన్ వలిగారూ, మీరెందుకు కదలట్లేదు?"

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. పక్కనున్న త్రినాథరావు దగ్గాడు.

"ఇరుక్కున్నానమ్మా" అన్నాడు మస్తాన్ వలి.

"సరిగ్గా ఆలోచించి చెప్పండి" అన్నారు జాయింట్ కలెక్టర్ గారు.

"ఆలోచించే చెప్తన్నా సార్. పొద్దుట్నుంచీ మోకాళ్లు పీక్కపోతన్నయ్. మా ఆవిడ నాలుగుసార్లు ఫోన్ చేసింది, కూతురికి ఇవాళ సంబంధం వాళ్లొస్తన్నారు. ఈ పిల్ల కాలూ ఇట్టనే ఇరుక్కుంది, నా కాలూ ఇట్టనే ఇరుక్కుంది. నా పుస్తకంలో లేకపోతే లేదు, కాలికి తెలీదా?"

వంగి బూటు లేసులు విప్పాడు. బూట్లు అక్కడే వదిలి, ఒక కాలు, తర్వాత రెండో కాలు బయటకు లాగి, మేజోళ్లతో బురదలోకి దిగాడు. ఆమె కాగితం మీద రాసుకున్న తన మాటల కింద సంతకం పెట్టి, వర్షంలో జీపు దాకా నడిచి వెళ్లాడు. దాక్షాయణి ఆ సంతకం తడవకుండా కాగితాన్ని కట్టు లోపలికి దోపుకుంది. ప్రమాదమైన దగ్గర్నుంచి ఏడవని మనిషి, అప్పుడు మొహం వాన వైపు తిప్పుకుంది.

పానకాలరావుగారు తివాచీ దగ్గరకు వచ్చారు. ఖాళీ బూట్లనూ, నిండు బూట్లనూ చూశారు. ఆయన ఎన్నో ఎన్నికలు చూసిన మనిషి. ఒక్క క్షణం ఆయన మొహం నల్లబడింది. ఆ తర్వాత మబ్బు విడిచినట్టు వెలిగిపోయింది.

"భేష్!" అన్నారు. "ఏం కాంక్రీటయ్యా ఇది! హెలికాప్టర్నే పట్టి ఆపింది! ఇంతమంది ఆఫీసర్లను పూటంతా కదలనియ్యలా! దేశంలో ఇంత గట్టి పని ఇంకెక్కడన్నా ఉందా?"

త్రినాథరావు అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

"నేను ఇరుక్కున్నాను సార్!" అన్నాడు త్రినాథరావు.

"నేను మొదటి పావుగంటలోనే ఇరుక్కున్నాను" అన్నారు జాయింట్ కలెక్టర్ గారు.

"నా ఎడమకాలు కూడా ఇరుక్కుంది. నా పరిధిలోదే" అన్నారు నరసింహాచారిగారు.

*

తుది నివేదికలో రెండు సగాలనూ కలిపేశారు. కాంక్రీటు అసాధారణ నాణ్యత వల్లే ప్రమాదం జరిగిందనీ, అంతటి నాణ్యతను ముందుగా ఊహించడం మానవమాత్రులకు సాధ్యం కాదు గనక కెప్టెన్ దాక్షాయణి దోషమేమీ లేదనీ తేల్చారు. ఎడమ సగానికి మంత్రిగారు పైలట్ కారనీ, కేవలం స్ఫూర్తిదాత అనీ సవరించారు. రాష్ట్రంలోని హెలిప్యాడ్లన్నీ ఇకపై కోటిలింగమే వెయ్యాలని సిఫారసు చేశారు.

కింద ఆమె సంతకం కావాలి.

దాక్షాయణి నివేదికను మళ్లీ మళ్లీ చదివింది. 'దోషమేమీ లేదు' అన్న మాట కోసమే ఆమె ఇన్నాళ్లూ నిద్రపోలేదు. ఆ మాట వచ్చింది. దాని పక్కన స్ఫూర్తిదాతా, కోటిలింగమూ కూడా వచ్చారు. సంతకం పెట్టకపోతే లైసెన్సు రాదు. పెడితే రేపు ఇంకెవరో పైలట్ ఇంకెక్కడో తివాచీ మీద దిగుతాడు. చివరకు సంతకం పెట్టి, దాని పక్కన తన చేత్తో ఒక మాట చేర్చింది: 'ఆరని నేల మీద హెలికాప్టర్ దిగకూడదు. ప్రసంగం జరుగుతున్నంతసేపూ నేల మీద నిలబెట్టకూడదు.'

ప్రభుత్వం ఈ సూచనను అత్యంత గంభీరంగా తీసుకుంది. మొదటి వాక్యం కోటిలింగం నాణ్యతను శంకించేదిగా ఉన్నందున తొలగించారు. రెండోది సర్క్యులర్ అయింది: మంత్రివర్యుల ప్రసంగము జరుగుచున్నంతసేపు హెలికాప్టరు నేలపై ఉండరాదు. మంత్రిగారిని దించేసి హెలికాప్టర్ వెళ్లి తిరిగొస్తే సరిపోదా అని ఒక గుమాస్తా అడిగాడు. ప్రోటోకాల్ ఒప్పుకోలేదు. మంత్రి ఒకచోట, మంత్రి వాహనం ఒకచోట ఉండటానికి వీల్లేదు. కాబట్టి మిగిలింది ఒక్కటే మార్గం.

చెయ్యి అతికాక దాక్షాయణి ఎగిరిన మొదటి ప్రయాణం అదే. ఊరు వేరు, రోడ్డు వేరు. హెలికాప్టర్ పొట్ట కింద లౌడ్ స్పీకర్లు కట్టారు. ఆమె మైదానం మీద గుండ్రంగా తిప్పుతుంటే, పక్క సీట్లో మంత్రిగారు మైకు పట్టుకుని చక్రం కనిపెట్టిన మానవుడి గురించి చెబుతున్నారు. రెక్కల హోరులో కింద ఒక్క ముక్క వినబడటం లేదు. జనం తువ్వాళ్లు ఎగిరిపోకుండా పట్టుకుని, నోళ్లు తెరిచి పైకి చూస్తున్నారు. ఒక్కడు కూడా మజ్జిగ కోసం వెళ్లలేదు.

"చూశావా అమ్మాయ్!" అన్నారు మంత్రిగారు మైకు పక్కకు పెట్టి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నేళ్లలో నా సభలో ఒక్కడూ లేచిపోకపోవటం ఇదే మొదలు. ఇయ్యాళ బాల్యం మొత్తం చెప్తా."

ఆ ప్రసంగం ప్రతి అక్షరం వినబడుతున్న ప్రాణి భూమ్యాకాశాల మధ్య ఒక్కతే ఉంది. మంత్రిగారి మైకు మోగే హెడ్ సెట్ చెవులకు పెట్టుకోవడం ఆమెకు తప్పనిసరి. దాక్షాయణి బాల్యంలో మొదటి భాగం ఓపిగ్గా విన్నది. తర్వాత ఇంధనం ముల్లు వైపు చూసింది. ముల్లు సగానికి పైనే నిలకడగా ఉంది.

"ఇంధనం అయిపోతోందండీ" అంది.

పానకాలరావుగారు ఉలిక్కిపడి ఎదురుగా ఉన్న గడియారాలన్నీ చూశారు. ఆయనకు ఏది ఏమిటో తెలియదు.

"దించెయ్యమ్మా, దించెయ్!" అని, వాక్యం మధ్యలో ఆపి, మైకు కట్టేశారు.

ఆమె మెల్లగా దించడం మొదలుపెట్టింది.